కుచ్ నై హువా



చాలా రోజులైంది ఇక్కడ రాసి. అమెరికా నుంచి వాపస్ వచ్చినప్పటి నుంచీ ఫోన్లో, షాదీల్లో, మస్జిద్ బయట చెప్పులేసుకునేటప్పుడు అందరూ ఒకటే సవాల్ అడుగుతున్నారు. "క్యా భాయ్, ఒక్క రోజులో డెబ్భై కిలోమీటర్లు నడవబోయావంట గదా, పూర్తి చేశావా?"

చేయలేదు. యాభై దగ్గర ఆగిపోయాను.

ఆ జవాబు వినగానే అవతలివాళ్ల మొహంలోకి హమ్‌దర్దీ వచ్చేస్తుంది. "పర్వాలేదులే, మన వయసుకి అంత నడవడమే గొప్ప" అని భుజం తడతారు. ఆ హమ్‌దర్దీ తీసుకోవాలంటే నాకు ఇబ్బందిగా ఉంది. ఆగిపోయినందుకు నాకేం షరమ్ లేదు. నేను సిగ్గుపడాల్సిన గల్తీ ఆ రోజు పొద్దున పది గంటలకే జరిగింది. దాని గురించి ఎవరూ అడగడం లేదు కాబట్టి నేనే చెప్తున్నాను. చెప్పాలంటే ముందు మా అబ్బా గురించి చెప్పాలి.

మా అబ్బా దర్జీ. పాలమూరులో చిన్న మల్గీ, అందులో ఒక కాలి మిషన్. రమ్జాన్ నెలంతా తరావీహ్ అయ్యాక మల్గీ తెరిచి సహర్ వేళ దాకా కుట్టేవారు. మా ఇంటి ఏడాది అప్పులు తీరేది ఆ ఒక్క నెల కమాయీతోనే. నేను డిగ్రీలో ఉన్న ఏడాది, చాంద్ రాత్‌కి ఇంకా పది రోజులుందనగా, మిషన్ సూది విరిగి ముక్క కింద పడింది. అబ్బా వట్టి కాళ్లతో మిషన్ తొక్కేవారు. ఆ ముక్క అరికాల్లో దిగింది. ఆయనకు తెలియలేదు. సహర్ చేయడానికి ఇంటికొస్తే, గచ్చు మీద నెత్తుటి అడుగులు చూసి అమ్మీ అడిగింది. "క్యా హువా జీ?"

"కుచ్ నై హువా."

కత్తిరింపుల్లో మిగిలిన గుడ్డముక్క ఒకటి కాలికి చుట్టుకుని మర్నాడు మళ్లీ మిషన్ ఎక్కారు. ఈద్ నమాజ్‌కి కుంటుతూ నడిచారు. నేను పక్కనే ఉన్నాను. అడిగితే అదే మాట. ఈద్ అయిన వారానికి కాలు వాసన రావడం మొదలైంది. అప్పుడు కూడా రెండు రోజులు దాచారు. ఆస్పత్రికి తీసుకెళ్లేసరికి ముందు రెండు వేళ్లు, నెల తిరక్కుండా మోకాలి కింద దాకా కాలు తీసేశారు. రెండేళ్ల తర్వాత ఇంతెకాల్ అయ్యారు. ఆ రెండేళ్లూ ఖాళీగా ఉన్న మిషన్ ముందు స్టూలేసుకుని కూర్చునేవారు.

ఆయనకు షుగర్ ఉంది. ఆ జబ్బు కాళ్లలో నరాలను మెల్లగా చంపేస్తుందని, ముల్లు దిగినా, నిప్పు తగిలినా దర్ద్ తెలియనివ్వదని నాకు చాలా ఏళ్లకు అర్థమైంది. కాబట్టి మొదటి రాత్రి ఆయన చెప్పిన 'కుచ్ నై' అబద్ధం కాదు, నిజంగానే ఆయనకేం తెలియలేదు. తర్వాతి రోజుల 'కుచ్ నై' మాత్రం తెలిసి అన్నది. ఆయన జనాజా వెనక నడుస్తూ చుట్టాలందరూ అన్న మాట ఒకటే: "క్యా హిమ్మత్‌వాలా ఆద్మీ థా! ఒక్కసారి కూడా అబ్బా అనలేదు." అప్పుడు నాకూ అది తారీఫ్ లాగే వినిపించింది.

నాకు నలభై రెండో ఏట షుగర్ బయటపడింది. ఆఫీసులో పెట్టిన హెల్త్ క్యాంపులో. ఆ రిపోర్టు మడిచి స్కూటర్ డిక్కీలో పెట్టాను, రెండు నెలలు అక్కడే ఉంది. మా బేగమ్ రెండు మూడు సార్లు అడిగింది, "ఏంటి, సన్నబడిపోతున్నారు?" అని. "కుచ్ నై" అన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చేశాక గానీ అది ఎవరి మాటో గుర్తు రాలేదు. ఆ రాత్రే డిక్కీలోంచి రిపోర్టు తెచ్చి ఆమె చేతికిచ్చాను.

డాక్టర్ దగ్గర ఒక పరీక్ష చేశారు. మీలో షుగర్ ఉన్నవాళ్లు తప్పకుండా అడిగి చేయించుకోండి. పది గ్రాముల బరువు పడగానే వంగిపోయే సన్నటి నైలాన్ దారం ఉంటుంది. కళ్లు మూసుకోమని, అరికాల్లో అక్కడా ఇక్కడా ఆ దారం ఆనించి, తగిలినప్పుడల్లా చెప్పమంటారు. ఎక్కడ తెలియలేదో అక్కడ నరం దెబ్బతింటోందని లెక్క. సూది లేదు, నెత్తురు లేదు, రెండు నిమిషాల పని. అబ్బాకు ఎవరైనా ఇది చేసి ఉంటే, వట్టి కాళ్లతో మిషన్ తొక్కొద్దని చెప్పి ఉంటే! నాకు అన్నిచోట్లా తెలిసింది, షుక్ర్ అల్లాహ్. నడవమన్నారు. కేబీఆర్ పార్కు చుట్టూ ఒక చుట్టు, తర్వాత రెండు. ఆదివారాలు వికారాబాద్ అనంతగిరి కొండల్లో పది, ఇరవై, ముప్పై కిలోమీటర్లు. ఏడాదిన్నరలో షుగర్ అదుపులోకి వచ్చింది. నడక నాకు షౌక్ అయిపోయింది.

పోయిన మే నెలలో మా ఖాలాను వాళ్లబ్బాయి దగ్గర దింపడానికి అమెరికా వెళ్లాను. వాడు మేరీల్యాండ్‌లో ఉంటాడు. మేం ఛోటే అంటాం. వాడి భార్యను మా ఇళ్లలో రివాజు ప్రకారం దుల్హన్ అనే పిలుస్తాం. పెళ్లయి పదేళ్లయినా దుల్హనే. వాళ్లిద్దరికీ కొండల్లో నడవడం అలవాటు. ఆ మాటా ఈ మాటా అయ్యాక ఛోటే అన్నాడు: "భాయిజాన్, ఫోర్ స్టేట్ ఛాలెంజ్ చేద్దామా?"

అదేంటో చెప్తాను. అమెరికా తూర్పు వైపున అప్పలాచియన్ ట్రెయిల్ అని ఒక కాలిబాట ఉంది. దక్షిణాన జార్జియాలో స్ప్రింగర్ కొండ దగ్గర మొదలై, ఉత్తరాన మేన్ రాష్ట్రంలో కటాడిన్ కొండ మీద ముగుస్తుంది. పద్నాలుగు రాష్ట్రాల మీదుగా దాదాపు 3,500 కిలోమీటర్లు. 1921లో బెంటన్ మెకాయ్ అనే ఆయన ఈ ఖయాల్ రాసి అచ్చు వేయిస్తే, 1937 నాటికి వలంటీర్లు బాట పూర్తి చేశారు. చెట్ల మీద ఆరంగుళాల పొడవున తెల్ల రంగు గుర్తులుంటాయి. ఒకటి దాటగానే ఇంకోటి వెతుక్కుంటూ పోవడమే. ఆ బాటలో ఒక ముక్క పెన్సిల్వేనియా సరిహద్దులో మొదలై, మేరీల్యాండ్ మొత్తం దాటి, వెస్ట్ వర్జీనియాలో హార్పర్స్ ఫెర్రీ ఊరు మీదుగా వర్జీనియా గీత తాకుతుంది. నాలుగు రాష్ట్రాలు, 43 మైళ్లు, అంటే 70 కిలోమీటర్లకు దగ్గర. దీన్ని ఇరవై నాలుగు గంటల్లో నడవాలి. సర్టిఫికెట్ లేదు, ఇనామ్ లేదు, పోటీ పెట్టేవాళ్లు లేరు. నడిచేవాళ్లు తమకు తాము పెట్టుకున్న పరీక్ష.

ఛోటే ఒకసారి కూడా చేయలేదు. దుల్హన్ చేసింది! మొదటిసారి ఇరవై మైళ్ల దగ్గర ఆగిపోయి, మర్నాటి ఏడాది సహేలీలతో వెళ్లి పూర్తి చేసింది. ఈసారి తను కారులో మాకు తోడుండి, రోడ్డు బాటను దాటే చోటల్లా తిండీ నీళ్లూ తెస్తానంది. బయల్దేరే ముందు రాత్రి దస్తర్‌ఖాన్ దగ్గర మాకు మూడు షరతులు పెట్టింది.

ఒకటి, గంటకోసారి కొంచెం తినాలి. వట్టి నీళ్లే తాగుతూ పోకూడదు, ఉప్పు కూడా పడాలి. చెమటలో ఉప్పు పోతుంటే పైనుంచి వట్టి నీళ్లు పోస్తే ఒంట్లో సోడియం పడిపోయి మనిషి తూలిపోతాడు. నా జేబులో ఖజూర్లు, గ్లూకోజ్ బిళ్లలు తప్పకుండా ఉండాలి.

రెండు, కాల్లో ఎక్కడైనా వేడిగా అనిపిస్తే ఆ క్షణమే ఆగాలి. బొబ్బ ముందు వేడిగా మొదలవుతుంది. తడి, రాపిడి కలిసి పై చర్మాన్ని లోపలి చర్మం నుంచి లాగుతుంటాయి. ఆ వేడి దగ్గరే జూతా విప్పి, కాలు తుడిచి, టేపు అంటించి, సాక్సు మార్చుకుంటే ఐదు నిమిషాల్లో అయిపోతుంది. తర్వాత చూద్దాం అనుకుంటే ఛాలే పడతాయి.

మూడోది చెప్పేటప్పుడు నా వైపే చూసింది. "భాయిజాన్, ఎవరైనా ఎలా ఉందని అడిగితే 'కుచ్ నై' అనొద్దు. పదికి ఎంత నొప్పి ఉందో నంబర్ చెప్పండి." మా ఖాలా పక్కనే కూర్చుని నవ్వింది. "ఈ ఖాన్‌దాన్‌లో ఆ మాట బంద్ చేస్తే ఎవరికీ నోరే లేవదు బేటీ" అంది.

పెన్ మార్ అనే చిన్న పార్కు దగ్గర ఫజర్ చదివి, టార్చిలైట్లు నెత్తికి కట్టుకుని, పావు తక్కువ ఐదుకి బయల్దేరాం. హై రాక్ చేరేసరికి సూరజ్ వచ్చేశాడు. ఆ తర్వాత బాట పొడవునా రాళ్లే. మన కొండల్లో లాగా పెద్ద బండలు కావు, తలకాయంత రాళ్లు. అడుగు ఎక్కడ వేసినా పాదం పక్కకి తిరుగుతుంది. కింద చూసుకుంటూ నడవాలి, చెట్ల మీద తెల్ల గుర్తుల కోసం పైన కూడా చూడాలి.

పది గంటల వేళ కుడి మడమ కింద వేడి తగిలింది. నాకు స్పష్టంగా తెలిసింది. సరిగ్గా అప్పుడే బాట పక్కన ఒకాయన రాతి మీద కూర్చుని కనిపించాడు. గడ్డం పెరిగి, ఎండకి నల్లబడి ఉన్నాడు. మార్చిలో జార్జియాలో మొదలుపెట్టాడట, అప్పటికి వెయ్యి మైళ్లు దాటాయట, మేన్ దాకా వెళ్తాడట. ఒక జూతా విప్పి, చిటికెన వేలి పక్కన కందిపప్పంత ఎర్ర మచ్చకు టేపు అంటించుకుంటున్నాడు. తొందర లేదు. పక్కన సాక్సు ఆరేసుకున్నాడు.

వెయ్యి మైళ్లు నడిచినవాడు ఎర్ర మచ్చకు ఆగాడు. పది మైళ్లు నడిచిన నేను ఆయనకు సలామ్ కొట్టి ముందుకెళ్లిపోయాను.

ఛోటే అడిగాడు: "భాయిజాన్, పావ్ కైసే? నంబర్?"

"దో" అన్నాను. అప్పటికి ఐదు.

ఎందుకలా అన్నానని చాలాసార్లు ఆలోచించాను. వాడు నాకంటే పన్నెండేళ్లు చిన్నవాడు. వాడి ముందు మొదట ఆగేవాణ్ని నేను కాకూడదనుకున్నాను. ఉర్దూ మీడియం స్కూల్లో ఉస్తాద్ బెత్తంతో కొడితే ఏడవని పిల్లవాణ్ని "షాబాష్, మర్ద్ బచ్చా" అనేవారు. ఆ షాబాష్ కోసం చేతులు మండుతున్నా పళ్లు బిగపట్టిన పిల్లల్లో నేనూ ఉన్నాను. ముప్పై అయిదేళ్ల తర్వాత కూడా నేను ఆ షాబాష్ కోసమే నడుస్తున్నానని ఆ రోజు నాకు తట్టలేదు.

ఒంటి గంటకి అన్నాపొలిస్ రాక్ అనే బండ మీద జుహర్ చదివాం. ముసాఫిర్లం కాబట్టి కసర్, రెండే రకాత్‌లు. కింద లోయంతా పచ్చగా ఉంది. అక్కడ జూతాలు విప్పి ఉండాల్సింది. ఉబ్బిన కాళ్లు మళ్లీ జూతాల్లో పట్టవేమోనని నాకు నేనే బహానా చెప్పుకుని, జూతాల మీదే మసహ్ చేసి కానిచ్చాను. రెండు మైళ్లు పోయాక రోడ్డు దగ్గర దుల్హన్ కారుతో ఉంది. దహీ చావల్, ఆమ్ కా అచార్ తెచ్చింది. కాళ్లెలా ఉన్నాయని అడిగింది.

"కుచ్ నై" అన్నాను.

తను నన్ను ఒకసారి చూసింది, ఏమీ అనలేదు. జేఠ్‌ని ఎంతవరకు అడగగలదు పాపం!

ఆ తర్వాత అంతా నొప్పితో నడక. పెద్ద హైవే మీద కట్టిన కాలి వంతెన దాటాం. బూన్స్‌బోరో ఊరివాళ్లు 1827లో జార్జ్ వాషింగ్టన్ యాద్‌గార్‌గా రాళ్లు పేర్చి కట్టుకున్న బురుజు దాటాం. 1862 సెప్టెంబర్‌లో ఉత్తర దక్షిణ సైన్యాలు చంపుకున్న కనుమలు దాటాం. ఏదీ సరిగ్గా చూడలేదు. నా ధ్యాసంతా మడమ మీదే. మడమ ఆనకుండా ముని వేళ్ల మీద నడిచాను, దాంతో వేళ్లు పోయాయి. మొదటి పది మైళ్లలో కబుర్లు చెప్పుకున్న అన్నదమ్ములం చివరి ఎనిమిది మైళ్లు ఒక్క మాట మాట్లాడుకోలేదు. దర్ద్ దాచుకునేవాడు మాట్లాడలేడు. నోరు తెరిస్తే బయటపడుతుందని భయం.

చీకటి పడ్డాక, తొమ్మిది కావొస్తుండగా గాథ్‌ల్యాండ్ అనే చోటికి చేరాం. 31 మైళ్లు, యాభై కిలోమీటర్లు. అక్కడ యాభై అడుగుల రాతి కమాను ఉంది. జార్జ్ ఆల్ఫ్రెడ్ టౌన్సెండ్ అనే అఖ్బార్‌నవీస్ 1896లో కట్టించాడు. అమెరికా అంతర్యుద్ధంలో వార్తలు రాసిన విలేకరుల యాద్‌గార్ అది. వాళ్ల పేర్లు రాయి మీద చెక్కి ఉన్నాయి. జంగ్ మైదానాల నుంచి ఇతరుల దర్ద్ మోసుకొచ్చి లోకానికి చెప్పినవాళ్లు. నాదీ ఇరవై ఏళ్లుగా అదే పేషా. రైతు చనిపోయిన ఇంటికెళ్లి, కాన్పులో బిడ్డ పోయిన తల్లి దగ్గర కూర్చుని, "ఏం జరిగిందో చెప్పమ్మా" అని అడిగి రాసుకొచ్చేవాణ్ని. ఆ కమాను కింద బల్ల మీద కూలబడితే, నన్ను అదే సవాల్ అడిగింది దుల్హన్. "క్యా హువా భాయిజాన్?"

నోట్లోకి పాత మాటే వచ్చింది. ఛోటే నన్ను అననివ్వలేదు. మోకాళ్ల మీద కూర్చుని నా జూతా విప్పేశాడు. సాక్సు లాగితే దాంతోపాటు మడమ తోలు వచ్చింది. నెత్తురు. వాడు ఫోన్ లైటులో చూసి లేవలేదు, అలాగే ఉండిపోయాడు. దుల్హన్ వెనక నుంచి అంది: "కళ్లు మూసుకోండి భాయిజాన్." ఛోటే ఒక గడ్డిపరక తీసుకుని ఒక్కో వేలికీ తాకించాడు. తగిలినప్పుడల్లా చెప్పమన్నాడు.

మూడు వేళ్లకు చెప్పాను. రెండు వేళ్లకు నాకేం తెలియలేదు.

కళ్లు తెరిస్తే వాడు ఇంకా ఆ వేలి మీదే గడ్డిపరక ఆనించి ఉన్నాడు. నాకు మా ఇంటి గచ్చు మీద నెత్తుటి అడుగులు గుర్తొచ్చాయి.

మిగిలింది 12 మైళ్లు. ఆరేడు మైళ్లు కొండ శిఖరం మీద నడిచి వెవర్టన్ దగ్గర దిగితే, ఆ తర్వాత పొటోమాక్ నది పక్కన పాత కాలువ గట్టు మీద చదునైన దారి. టైమ్ కూడా ఉంది. ఇక్కడిదాకా వచ్చి ఆగిపోవడమా అని ఒక మనసు. ఎవరూ నన్ను ఆపలేదు, ఎవరూ పొమ్మనలేదు. చివరికి నేనే అన్నాను. "దర్ద్ హై. ఎనిమిది. పొద్దున పది నుంచీ ఉంది." ఈ మూడు ముక్కలు చెప్పడం ఆ రోజు నేను ఎక్కిన కొండలన్నిటికంటే కష్టమైంది. చెప్పాక ఏడుపొచ్చింది. ఏడ్చాను.

ఛోటే ముందుకెళ్లాడు. దక్షిణానికి వెళ్తున్న ఇద్దరు కుర్రాళ్లు తోడు దొరికారు. నేనూ దుల్హన్ హార్పర్స్ ఫెర్రీలో కారులో ఎదురుచూశాం. మూడుంపావుకి వర్జీనియా గీత తాకానని మెసేజ్ వచ్చింది. కిందికి దిగొచ్చేసరికి మళ్లీ ఫజర్ వేళ. ఫ్లాస్కులో చాయ్ ఇంకా వేడిగా ఉంది. వాడు కాళ్లు చాపుకుని సాక్సులు విప్పితే చూశాను. నాలుగు చోట్ల టేపు ఉంది. "ఎప్పుడు వేసుకున్నావ్ ఇదంతా?" అంటే, "నువ్వు నీళ్లు తాగేటప్పుడల్లా" అన్నాడు.

హైదరాబాద్ వచ్చాక డాక్టర్ మళ్లీ దారంతో పరీక్ష చేశారు. వేళ్లకు స్పర్శ తిరిగి వచ్చింది. గంటల తరబడి తడి సాక్సుల్లో నలిగి, ఉబ్బి మొద్దుబారిపోయాయన్నారు. మడమ పుండు మానడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ ఇంట్లో అందరికీ నిద్ర లేదు. "పొద్దునే రెండంగుళాల టేపు వేసుకుని ఉంటే పూర్తి చేసేవాడివేమో కదా" అన్నారు డాక్టర్. ఆ మాట నిజమని నాకూ తెలుసు. నన్ను ఆపేసింది ఆ రాళ్ల బాట కాదు, నా వయసు కాదు, నా షుగర్ కూడా కాదు. పది గంటలకి నేను చెప్పిన 'దో'.

ఇక నేను చెప్పదల్చుకున్నదానికి వస్తాను.

మన ఇళ్లలో ఒక గలత్‌ఫహమీ ఉంది. దర్ద్ దాచుకోవడాన్ని మనం సబ్ర్ అంటున్నాం. నేను స్కూల్లో ఉర్దూ, డిగ్రీలో తెలుగు చదువుకున్నవాణ్ని. రెండు భాషల్లోనూ ఈ రెండు పనులకు వేర్వేరు మాటలున్నాయి. తెలుగులో ఓర్చుకోవడం వేరు, దాచుకోవడం వేరు. ఉర్దూలో సబ్ర్ వేరు, ఛుపానా వేరు. ఉన్న కష్టాన్ని కష్టమని ఒప్పుకుని, చేయగలిగిన ఇలాజ్ చేసుకుని, ఆపైన మిగిలిన దాన్ని మోయడం సబ్ర్. ఆ రాతి మీద కూర్చుని టేపు వేసుకున్న మనిషిది సబ్ర్. నాది వట్టి దొంగతనం. మన దీన్‌లో కూడా రుఖ్సత్ ఉంది గదా! ముసాఫిర్‌కి నమాజ్ తగ్గింది. బీమార్‌కి రోజా వాయిదా ఉంది. నిలబడలేనివాడు కూర్చుని చదువుకోవచ్చు. కానీ ఈ రుఖ్సత్ తీసుకోవాలంటే ముందు 'నాకు చేతకావడం లేదు' అని నోరు విప్పాలి. మనకు కష్టమైంది అక్కడే.

కొందరు అడుగుతారు, నాకు తెలుసు. "గరీబు ఇళ్లు హిమ్మత్ మీదే నడిచాయి భాయ్. మీ అబ్బా ఆ రోజు మిషన్ దిగి ఆస్పత్రికి పోయుంటే మీ ఈద్ ఏమయ్యేది, నీ ఫీజు ఎవరు కట్టేవారు?" ఈ మాటకు నా దగ్గర తేలికైన జవాబు లేదు. ఆస్పత్రి అంటే ఒక రోజు కమాయీ పోవడం, అప్పు చేయడం. అబ్బా బేవకూఫ్ కాదు, ఆయన లెక్క ఆయనకుంది. ఆయన్ని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. కానీ ఆయనకు ఉన్న మజ్బూరీ నాకు లేదు. నాకు జీతముంది, సెలవుంది, ఇన్సూరెన్స్ కార్డుంది. అయినా రిపోర్టు డిక్కీలో దాచాను. ఆయన మజ్బూరీతో చేసిన పనిని నేను ఇజ్జత్ అనుకుని చేశాను. గరీబీ పోయినా గరీబీ నేర్పిన అలవాటు ఇంట్లోనే ఉండిపోయింది, తారీఫ్ పేరుతో.

ఇది నా ఒక్కడి కహానీ అయితే ఇంత రాసేవాణ్ని కాదు. మన దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10.1 కోట్ల మంది ఉంటారని 2023లో ఐసీఎంఆర్–ఇండియాబ్ అధ్యయనం అంచనా వేసింది. మీ ఖాన్‌దాన్‌లో ఎంతమందో వేళ్ల మీద లెక్కపెట్టుకోండి. వాళ్లలో ఎంతమంది కాళ్లను ఈ నెలలో ఎవరైనా చూశారు? మగవాళ్లం షాబాష్ కోసం దాచుకుంటాం. ఆడవాళ్ల సంగతి ఇంకా వేరు. ఇంట్లో అందరికీ మందులు అందించే అమ్మీలు, ఆపాలు తమ నొప్పి చెప్పుకుంటే ఖర్చు అని, పని ఆగిపోతుందని, అత్తారింట్లో మాటొస్తుందని ఖామోష్‌గా ఉంటారు. మనం కూడా ఒకసారి అడిగి, 'కుచ్ నై' అనగానే హమ్మయ్య అనుకుని వెళ్లిపోతాం. ఆ జవాబు మనకూ సుఖంగానే ఉంటుంది మరి. దుల్హన్ పెట్టిన నంబర్ షరతు మా ఇంట్లో ఇప్పుడు కానూన్ అయింది. పదికి ఎంత అని అడిగితే తప్పించుకోవడం కష్టం. దాన్ని కూడా తగ్గించి చెప్పొచ్చని నాకంటే ఎవరికి తెలుసు! అందుకే అడగడంతో ఊరుకోకుండా కాళ్లు చూడాలి.

అమెరికా నుంచి వచ్చిన మర్నాడు పాలమూరు వెళ్లాను. అమ్మీకి డెబ్భై దాటాయి. నా మడమ కట్టు చూసి "క్యా హువా బేటా?" అంది. మొత్తం చెప్పాను, పది గంటల 'దో'తో సహా. విని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నేను అడిగాను: "నీ కాళ్లెలా ఉన్నాయమ్మీ?"

"కుచ్ నై బేటా."

నవ్వొచ్చింది ఇద్దరికీ. కింద కూర్చుని ఆమె కాళ్లు నా ఒళ్లో పెట్టుకున్నాను. వద్దు వద్దని లాక్కోబోయింది. ఎడమ మడమలో వేలు పట్టేంత పగులు, లోపల ఎర్రగా ఉంది. నడవడానికి ఎంత కష్టంగా ఉందో నంబర్ చెప్పమన్నాను. ఆమెకు నంబర్ల సంగతి తెలియదు. కాసేపు ఆలోచించి, "మిషన్ దాకా పోవడానికి రెండుసార్లు కూర్చుంటున్నా" అంది. అబ్బా మిషన్ ఇంకా ముందు గదిలోనే ఉంది. దాని మీద గుడ్డ కప్పి, రోజూ దుమ్ము తుడుస్తుంది. ఈ సంగతి నాకు ఆరోజే తెలిసింది. మర్నాడే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను.

ఛోటే మళ్లీ రమ్మంటున్నాడు. వచ్చే ఏడాది ఖాలాను వాపస్ తేవడానికి వెళ్తాను, అప్పుడు ఇన్షా అల్లాహ్ ఆ 43 మైళ్లు మళ్లీ మొదలుపెడతాను. ఈసారి వర్జీనియా గీత దాకా వెళ్తానో లేదో తెలియదు. ఎక్కడ ఆగినా, ఎందుకు ఆగానో ఆ చోటే చెప్పి ఆగుతాను.

మీరు ఈ రాత్రి ఇషా అయ్యాక ఒక పని చేయండి. ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లు ఎవరుంటే వాళ్ల కాళ్లు వెలుతుర్లో పెట్టి వేళ్ల సందులు, మడమలు, అరికాళ్లు చూడండి. వాళ్లు వద్దంటారు. కుచ్ నై అంటారు. అయినా చూడండి.

ఖుదా హాఫిజ్.